సన్నదనం అసలు ధర

లక్ష రూపాయల ధర. కిలోంపావు బరువు. చేతిలోకి తీసుకోగానే మనసు లాగేసే రూపం. ప్రీమియం సన్న ల్యాప్‌టాప్ మనకు ఇచ్చేదెంత, మన దగ్గర తీసుకునేదెంత? షోరూమ్ దీపాల వెలుగులో తేలని ఆ లెక్కను అయిదేళ్ల వాడకం మీద వేసి చూద్దాం.

ఈఏపీసెట్ కౌన్సెలింగ్ ముగిసి ఇంజినీరింగ్ సీటు ఖాయమైన ఇంట్లో, ఫీజు తర్వాత తేలాల్సిన పెద్ద ఖర్చు ల్యాప్‌టాప్‌దే. అమ్మానాన్నలు యాభై వేల దగ్గర ఆగుదామనుకుంటారు. పిల్లల మనసు లక్ష పలికే దాని మీదికి పోతుంది. షోరూమ్‌లో వరసగా పెట్టిన వాటిలో అన్నిటికంటే సన్నగా, నున్నగా ఉన్న ఒకదాన్ని చేత్తో ఎత్తి చూశాక మిగతావన్నీ మోటుగా కనిపిస్తాయి. కొత్తగా ఉద్యోగంలో చేరినవారికీ, అమెరికా నుంచి వచ్చే బంధువుల చేత తెప్పించుకునేవారికీ ఇదే మోజు.

ఆ మోజును తప్పు పట్టక్కర్లేదు. ఇవాళ్టి సన్న ల్యాప్‌టాప్ నిజంగానే గొప్ప యంత్రం. అయితే మందం ఒక్కో మిల్లీమీటరు తగ్గాలంటే లోపలి నుంచి ఏదో ఒకటి తీసేయాలి. అలా తీసేసిన వాటిలో కొన్ని మనకు ఎటూ అక్కర్లేనివి. కొన్ని పోయినా వాటి స్థానంలో అంతకంటే మంచివి వచ్చాయి. మరికొన్ని మాత్రం తయారీదారుకు సులువు, కొన్నవారికి నష్టం. ఈ మూడు రకాలనూ విడదీసి చూడగలిగితే లక్ష రూపాయలు సరైన చోట పెట్టినట్టే.

కవరులోంచి వచ్చిన కంప్యూటరు

2008 జనవరి 15న శాన్‌ఫ్రాన్సిస్కోలో జరిగిన మాక్‌వరల్డ్ సభలో స్టీవ్ జాబ్స్, ఆఫీసు కాగితాలు పెట్టుకునే కవరులోంచి మ్యాక్‌బుక్ ఎయిర్‌ను బయటికి తీశారు. బరువు 1.36 కిలోలు. మందం ముందు అంచు దగ్గర 4 మిల్లీమీటర్లు, బాగా లావున్న చోట 19.4. బండ ల్యాప్‌టాప్‌లకు అలవాటుపడ్డ కళ్లకు అది అద్భుతంగా తోచింది. అందుకోసం యాపిల్ వదిలేసినవీ తక్కువేం కాదు. సీడీ డ్రైవు లేదు. నెట్‌వర్క్ కేబుల్ పెట్టుకునే చోటు లేదు. యూఎస్‌బీ పోర్టు ఒకే ఒక్కటి. 2 జీబీ ర్యామ్ బోర్డుకే అతికించేశారు, పెంచుకునే వీల్లేదు. మామూలు డిస్కు పట్టక 1.8 అంగుళాల బుల్లి హార్డ్‌డిస్కు పెట్టారు. 80 జీబీ ఉండే ఆ డిస్కు బదులు 64 జీబీ ఫ్లాష్ స్టోరేజీ కావాలంటే మరో 999 డాలర్లు కట్టాలి. ఇంటెల్ తన ప్రాసెసర్ ప్యాకేజీని దీనికోసమే కుదించి ఇచ్చింది. ఇంతా చేసి ధర 1,799 డాలర్లు.

ఆనాడు వదిలేసిన సీడీ డ్రైవు లేదని ఇవాళ ఎవరూ బాధపడటం లేదు. 2010 అక్టోబరులో వచ్చిన రెండో రూపంలో హార్డ్‌డిస్కును పూర్తిగా తీసేసి ఫ్లాష్ స్టోరేజీ పెట్టారు, ధర 999 డాలర్ల నుంచి మొదలైంది. మూత తెరవగానే పని మొదలుపెట్టే అలవాటు మనకు అప్పటి నుంచే వచ్చింది. 2011లో ఇంటెల్ అల్ట్రాబుక్ పేరుతో విండోస్ కంపెనీలను కూడా ఇదే దారి పట్టించి, 30 కోట్ల డాలర్ల నిధి ప్రకటించింది. లెనోవో కార్బన్ ఫైబర్‌తోనూ, ఎల్‌జీ మెగ్నీషియం మిశ్రమంతోనూ బరువు తగ్గించే పనిలో పడ్డాయి.

అక్కడి నుంచి పోటీ శ్రుతి మించింది. 2015లో యాపిల్ తెచ్చిన 12 అంగుళాల మ్యాక్‌బుక్ మందం 13.1 మిల్లీమీటర్లు. ఛార్జింగుకూ, పెన్‌డ్రైవుకూ, తెరకూ కలిపి ఒకే పోర్టు. 2016లో హెచ్‌పీ స్పెక్టర్ 10.4 మిల్లీమీటర్లకు దిగితే, 2018లో ఏసర్ స్విఫ్ట్ 7 తొమ్మిది మిల్లీమీటర్ల కిందికి వెళ్లింది. ఈ పరుగులో ఎక్కువ దెబ్బ తిన్నది కీబోర్డు. మీటల ఎత్తు తగ్గించడానికి యాపిల్ 2015లో తెచ్చిన బటర్‌ఫ్లై కీబోర్డులో చిన్న దుమ్ము రేణువు చేరినా మీట పడకపోవడమో, ఒక్కసారి కొడితే రెండు అక్షరాలు రావడమో జరిగేది. ఫిర్యాదులు పెరిగాక 2018 జూన్‌లో ఉచిత మరమ్మతు పథకం ప్రకటించారు. 2019 చివర్లో పాత పద్ధతి మీటలకు తిరిగొచ్చారు. అమెరికాలో వినియోగదారులు వేసిన దావాలో 2022లో 5 కోట్ల డాలర్ల పరిహారానికి యాపిల్ ఒప్పుకుంది. మీటల ఎత్తులో కాస్తంత ఆదా కోసం పెట్టిన ఖర్చది.

2021 అక్టోబరులో వచ్చిన 16 అంగుళాల మ్యాక్‌బుక్ ప్రో మునుపటి దానికంటే లావుగా వచ్చింది. అయిదేళ్ల ముందు తీసేసిన హెచ్‌డీఎంఐ పోర్టు, ఎస్‌డీ కార్డు చోటు, అయస్కాంతంతో అతుక్కునే ఛార్జరు మళ్లీ కనిపించాయి. సన్నదనానికి ఒక హద్దుందని, ఆ పోటీని నడిపించిన కంపెనీయే ఒప్పుకున్నట్టయింది.

వేడిని గెలిచిన చిప్

ల్యాప్‌టాప్ సన్నబడటానికి అసలు అడ్డంకి వేడి. చిప్ వాడుకున్న కరెంటంతా చివరికి వేడిగానే మారుతుంది. దాన్ని బయటికి పంపడానికి రాగి గొట్టాలు, ఫ్యాను, గాలి ఆడే ఖాళీ కావాలి. అవన్నీ మందం పెంచేవే. పైగా చిప్‌ను వేగంగా పరుగెత్తించాలంటే వోల్టేజీ పెంచాలి. వోల్టేజీ రెట్టింపైతే అదే వేగానికి కరెంటు నాలుగింతలు పడుతుంది. చివరి కొసరు వేగం కోసం పుట్టే వేడి చాలా ఎక్కువ. సన్న పెట్టెల్లో బిగించిన పాత ఇంటెల్ చిప్‌లు ఫ్యానును హోరెత్తించడానికీ, కాసేపటికే నెమ్మదించడానికీ కారణం ఇదే.

2020 నవంబరులో వచ్చిన యాపిల్ ఎం1 చిప్ ఈ చిక్కుముడిని విప్పింది. 5 నానోమీటర్ల పద్ధతిలో 1,600 కోట్ల ట్రాన్సిస్టర్లు పేర్చిన ఈ చిప్‌ను దృష్టిలో పెట్టుకుని, మ్యాక్‌బుక్ ఎయిర్ వదిలించుకోగలిగే వేడిని యాపిల్ 10 వాట్లుగా లెక్కగట్టింది. మన వరండాలో వెలిగే ఎల్ఈడీ బల్బు పట్టే కరెంటు కూడా దాదాపు ఇంతే. ఆ కాస్తతోనే అంతకుముందు ఫ్యాన్లున్న యంత్రాలను మించి పనిచేసింది. దాంతో ఎయిర్‌లో ఫ్యాను అవసరమే పోయింది. ఆ తర్వాత విండోస్ పక్షాన కూడా కదలిక వచ్చింది. 2024 జూన్‌లో క్వాల్‌కామ్ స్నాప్‌డ్రాగన్ ఎక్స్ చిప్‌లతో, సెప్టెంబరులో ఇంటెల్ లూనార్ లేక్‌తో తక్కువ కరెంటు తినే సన్న ల్యాప్‌టాప్‌లు మొదలయ్యాయి.

ఫ్యాను లేకపోవడం మన ఊళ్లలో మరీ పెద్ద మేలు. సద్దు ఉండదు. గాలితో పాటు లోపలికి దుమ్ము లాక్కునే దారి ఉండదు. రెండేళ్లకోసారి విప్పి బూజు దులిపించే పని తప్పుతుంది.

దీనికీ ఒక హద్దుంది. పది నిమిషాల పనికి ఫ్యాను లేని ల్యాప్‌టాప్ మెరుపులా ఉంటుంది. అరగంట ఆగకుండా వీడియో రెండర్ చేసినా, పెద్ద ప్రోగ్రాము కంపైల్ చేసినా, గేమ్ ఆడినా వేడి లోపలే నిలిచిపోతుంది. చిప్ తనను తాను కాపాడుకోవడానికి వేగం తగ్గించుకుంటుంది. ఫ్యాను ఉన్న మ్యాక్‌బుక్ ప్రోలో అదే చిప్ అలసట లేకుండా సాగిపోతుంది.

ఇక మన ఎండలు. మ్యాక్‌బుక్ ఎయిర్‌ను 10 నుంచి 35 డిగ్రీల మధ్య వాడమని యాపిల్ స్పష్టంగా రాసింది. ఆపి పక్కన పెట్టేటప్పుడైనా 45 డిగ్రీలు దాటకూడదంటుంది. రామగుండం, రెంటచింతల లాంటి చోట్ల మే నెలలో నీడలోనే ఆ అంకె పలుకుతుంది. తలుపులు బిగించి ఎండలో నిలిపిన కారులో ఇంకా ఎక్కువ. పరుపు మీద, దిండు మీద పెట్టుకుని పనిచేస్తే కిందివైపు లోహపు పలక నుంచి వేడి పోయే దారి మూసుకుపోతుంది. ఇలాంటి వేడికి ముందుగా కుంగేది బ్యాటరీ. కాబట్టి బల్ల మీద పెట్టుకుని వాడటం వేసవిలో తప్పనిసరి నియమం.

బ్యాటరీ, తెర, బరువు

2025 మార్చిలో ఎం4 చిప్‌తో వచ్చిన 13 అంగుళాల మ్యాక్‌బుక్ ఎయిర్‌నే ఉదాహరణగా తీసుకుందాం. మందం 11.3 మిల్లీమీటర్లు, బరువు 1.24 కిలోలు, బ్యాటరీ 53.8 వాట్ అవర్లు. వైఫైలో వెబ్ చూస్తే 15 గంటలు వస్తుందని కంపెనీ చెబుతోంది. అంటే తెర, చిప్, వైఫై అన్నీ కలిపి సగటున మూడున్నర వాట్లతో నడుస్తున్నాయన్నమాట. వాడకాన్ని బట్టి అందులో మూడో వంతు కోసేసుకున్నా, ఉదయం కాలేజీకి వెళ్లి సాయంత్రం తిరిగొచ్చేదాకా ఛార్జరు సంచిలోంచి తీయక్కర్లేదు. మధ్యాహ్నం కరెంటు పోయినా ఆన్‌లైన్ ఇంటర్వ్యూ ఆగదు. కాలేజీ బస్సులో రోజూ రానూపోనూ తిరిగే పిల్లల భుజానికి, రెండు కిలోలు దాటే గేమింగ్ ల్యాప్‌టాప్‌కూ దాని ఇటుకలాంటి ఛార్జరుకూ బదులు ఇది పెద్ద ఊరట.

తెలుగు చదివేవారికి మంచి తెర చేసే మేలు ఇంకొకటుంది. మన లిపిలో గుణింతాలు పైకి, వత్తులు కిందికి పోతాయి. ‘లక్ష్మి’, ‘స్వాతంత్ర్యం’ లాంటి మాటల్లో ఒక అక్షరం కింద మరొకటి ఒదగాలి. అంత చిన్న చోట గీతలు విడివిడిగా కనిపించాలంటే చుక్కలు దట్టంగా ఉండాలి. మామూలు 15.6 అంగుళాల ఫుల్ హెచ్‌డీ తెరలో అంగుళానికి దాదాపు 141 చుక్కలుంటే, ఈ ఎయిర్‌లో 224 ఉంటాయి. రోజంతా తెలుగు పీడీఎఫ్‌లు చదివే గ్రూప్స్ అభ్యర్థికీ, ప్రూఫులు దిద్దేవారికీ ఈ తేడా సాయంత్రానికి కళ్లలో తెలుస్తుంది.

లోపాలూ ఉన్నాయి. తెర అద్దంలా మెరుస్తుంది కాబట్టి వెనక కిటికీ ఉంటే మన మొహమే కనిపిస్తుంది. మీటలు ఒక మిల్లీమీటరే దిగుతాయి. పాత థింక్‌ప్యాడ్‌లో దాదాపు రెండింతలు దిగే మీటల మీద వేళ్లాడినవారికి ఇది గచ్చు మీద కొట్టినట్టుంటుంది. పోర్టులు ఛార్జరుదీ హెడ్‌ఫోన్లదీ కాక రెండు, అవీ యూఎస్‌బీ-సీ. సెమినార్ హాల్లో ప్రొజెక్టరుకూ, స్నేహితులిచ్చిన పాత పెన్‌డ్రైవుకూ అడాప్టరు వెంట ఉండాల్సిందే. మూతకూ కీబోర్డుకూ మధ్య సందు ఎంత తక్కువంటే, కెమెరా మీద ప్లాస్టిక్ మూత అంటించి మడిస్తే తెర పగలొచ్చని 2020లో యాపిల్ హెచ్చరించింది.

సీటీసీలో విప్పితే

ఇవన్నీ సర్దుకుపోగలిగేవే. అసలు నష్టం మూత విప్పినప్పుడు బయటపడుతుంది.

సికింద్రాబాద్ పారడైజ్ దగ్గరి కంప్యూటర్ల బజారు సీటీసీకి పాత ల్యాప్‌టాప్ పట్టుకెళ్తే ఏం జరిగేదో హైదరాబాద్ వాళ్లకు చెప్పక్కర్లేదు. టీ తాగి వచ్చేసరికి ర్యామ్ రెట్టింపయ్యేది. హార్డ్‌డిస్కు తీసి ఎస్‌ఎస్‌డీ వేయించుకుంటే అయిదేళ్ల నాటి యంత్రం మళ్లీ పరుగెత్తేది. ఒకే ల్యాప్‌టాప్‌తో అక్క బీటెక్, తర్వాత తమ్ముడి డిగ్రీ అయిపోయిన ఇళ్లు ఎన్నో. మధ్యతరగతి చదువులకు ఇది కంటికి కనబడని ఉపకార వేతనం.

సన్న ల్యాప్‌టాప్ ఆ దారి మూసేసింది. మ్యాక్‌బుక్ ఎయిర్‌లో ర్యామ్ చిప్ ప్యాకేజీలోనే ఉంటుంది, స్టోరేజీ బోర్డుకు అతికి ఉంటుంది. కొన్న రోజు ఎంత ఉందో చివరి రోజు దాకా అంతే. స్టోరేజీ చిప్ పాడైతే మదర్‌బోర్డే మార్చాలంటారు, లేదా సూక్ష్మదర్శిని పెట్టుకుని చిప్ లెవెల్ పని చేసే నిపుణుడు దొరకాలి. లోపలి డేటా తిరిగి రావడం దాదాపు కల్ల. కప్పు టీ ఒలికితే మామూలు వారంటీ వర్తించదు. విండోస్ కంపెనీల సన్న ల్యాప్‌టాప్‌లలో స్టోరేజీ మార్చుకునే వీలు చాలావాటిలో మిగిలే ఉంది కానీ, ర్యామ్ దాదాపు అన్నిటిలో అతికించేదే. ఎం4 ఎయిర్ విడుదలైనప్పుడు ర్యామ్ లేదా స్టోరేజీ ఒక్క మెట్టు పెంచాలంటే యాపిల్ మన దేశంలో 20,000 రూపాయలు తీసుకుంది. 99,900 దగ్గర మొదలైన ధర రెండు మెట్లు ఎక్కితే 1,39,900 అయ్యేది. విడిగా కొని వేసుకునే వీలుంటే ఆ ధర చెల్లేదే కాదు.

ఇది సన్నదనం కోసం తప్పనిసరా? సగమే. ర్యామ్‌ను చిప్ పక్కనే పెడితే వేగం పెరుగుతుంది, కరెంటు ఆదా అవుతుంది. ఎం4 చిప్ సెకనుకు 120 జీబీ డేటా లాగగలగడానికి అదొక కారణం. ఆ వాదనకు బలముంది. స్టోరేజీని అతికించడానికి మాత్రం అలాంటి సాకు నిలవదు. 2024లో యాపిలే తెచ్చిన అరచేతిలో పట్టే మ్యాక్ మినీలో స్టోరేజీ ఊడదీసే ముక్కగా ఉంది. నీరవ్ పటేల్ స్థాపించిన ఫ్రేమ్‌వర్క్ కంపెనీ 2021లో తెచ్చిన ల్యాప్‌టాప్‌లో ర్యామ్, స్టోరేజీ, బ్యాటరీ, కీబోర్డు, చివరికి మదర్‌బోర్డు కూడా స్క్రూడ్రైవరుతో మార్చుకోవచ్చు. దాని మందం 15.85 మిల్లీమీటర్లు, బరువు 1.3 కిలోలు. ఎయిర్‌తో పోలిస్తే నాలుగున్నర మిల్లీమీటర్లు, అరవై గ్రాములు ఎక్కువ, అంతే. 2024లో లెనోవో థింక్‌ప్యాడ్ పీ1లో వాడిన ఎల్‌పీక్యామ్2 అనే కొత్త రకం ర్యామ్ పలచగా ఉంటూనే స్క్రూలతో బిగుస్తుంది. అంటే సన్నదనం, మరమ్మతు రెండూ కలిసి ఉండగలవు. ఉంచాలన్న తలంపు ఉండాలి.

బ్యాటరీ సంగతీ చూడాలి. వెయ్యి ఛార్జింగ్ చక్రాల తర్వాత కూడా 80 శాతం సామర్థ్యం మిగిలేలా ఎయిర్ బ్యాటరీని తయారుచేశామని యాపిల్ చెబుతోంది. రోజుకు సగం బ్యాటరీ వాడితే వెయ్యి చక్రాలకు అయిదున్నరేళ్లు పడుతుంది. రోజూ మొత్తం ఖాళీ చేస్తే మూడేళ్లలోపే. ఆపైన మార్చాలంటే అధీకృత సర్వీస్ సెంటర్ కావాలి. హైదరాబాద్, విజయవాడ, విశాఖ వాళ్లకు అది ఊళ్లోనే ఉంటుంది. పాడేరులోనో, ఆసిఫాబాద్‌లోనో ఉన్న విద్యార్థికి అది రానూపోనూ ప్రయాణం, కొన్నాళ్లు ల్యాప్‌టాప్ లేని చదువు. కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖ 2022 జులైలో మరమ్మతు హక్కు మీద కమిటీ వేసి, అదే ఏడాది డిసెంబరు 24న పోర్టల్ ప్రారంభించింది. మంచి మొదలు. మన ఊరి మెకానిక్ చేతికి అసలైన విడిభాగం, సర్క్యూట్ పటం అందినప్పుడే అది హక్కు అనిపించుకుంటుంది.

ఎవరికి తగినది?

రాయడం, చదవడం, కోడింగ్, ఆన్‌లైన్ పాఠాలు, రోజూ ప్రయాణం, ఇవి మీ పనులైతే సన్న ల్యాప్‌టాప్ పెట్టిన డబ్బుకు న్యాయం చేస్తుంది. కంప్యూటర్ సైన్స్ విద్యార్థికి, విలేకరికి, ఉపాధ్యాయులకు, కన్సల్టెంటుకు ఇది నమ్మకమైన తోడు.

మెకానికల్, సివిల్ విద్యార్థులు ఆగి ఆలోచించాలి. సాలిడ్‌వర్క్స్ లాంటివి విండోస్ కోసమే తయారయ్యాయి. వాటికి విడి గ్రాఫిక్స్ చిప్, ఫ్యాను ఉన్న లావు ల్యాప్‌టాపే తగినది. లెక్కలు రాసే చోట ట్యాలీ కూడా విండోస్‌దే. యాపిల్ సొంత చిప్‌లున్న మ్యాక్‌లలో పాత బూట్‌క్యాంప్ పద్ధతిలో విండోస్ వేసుకోవడం కుదరదు. అను ఫాంట్లతో పేజీలు కట్టే డీటీపీ వాళ్లు, డిజిటల్ సంతకపు టోకెన్లతో టెండర్లు వేసేవాళ్లు తమ సాఫ్ట్‌వేర్ కొత్త చిప్‌ల మీద నడుస్తుందో లేదో ముందే కనుక్కోవాలి. స్నాప్‌డ్రాగన్ విండోస్ ల్యాప్‌టాప్‌లకూ ఇదే జాగ్రత్త వర్తిస్తుంది. పెద్ద వీడియోలు ఎడిట్ చేసేవారు, గేమ్స్ ఆడేవారు ఫ్యాను లేని యంత్రం జోలికి పోకపోవడమే మేలు.

కొనేముందు

• డబ్బు ముందుగా ర్యామ్ మీద పెట్టండి. 16 జీబీ కంటే తక్కువున్నది కొనకండి. ఎయిర్‌లో కూడా 8 జీబీతో మొదలుపెట్టే పద్ధతిని యాపిల్ 2024 అక్టోబరులో మానేసింది. పాత నిల్వలు చవగ్గా వస్తున్నాయంటే ఈ అంకె చూసుకోండి.

• స్టోరేజీ మార్చుకోగలిగేదా, అతికించిందా అడగండి. అతికించిందైతే 512 జీబీ తీసుకోండి, లేదంటే బయట ఎస్‌ఎస్‌డీకి డబ్బు పక్కన పెట్టండి. ఏదైనా బ్యాకప్ తప్పనిసరి.

• మీరుండే ఊరికి దగ్గరి సర్వీస్ సెంటర్ ఎక్కడ, బ్యాటరీ మార్చడానికి ఎంతవుతుంది అన్నది బిల్లు వేయకముందే తెలుసుకోండి.

• నీళ్లు ఒలకడం, తెర పగలడం లాంటి ప్రమాదాలకు రక్షణ పథకం ఖర్చును ల్యాప్‌టాప్ ధరలోనే కలిపి చూడండి.

• విద్యార్థులకు ఇచ్చే ధర అడగండి. ఎం4 ఎయిర్ విడుదలైనప్పుడు ఆ ధర 89,900.

• షోరూమ్‌లో నిలబడి తెలుగులో ఒక పేరా టైపు చేసి చూడండి. కీబోర్డు, తెర రెండూ అక్కడే తేలిపోతాయి.

ఈ ప్రశ్నలు అడిగితే కొనేవారికి మేలు, తర్వాత తయారయ్యే యంత్రాలకూ మేలు. 2008 నుంచి సాగిన ఈ కథలో మంచి మలుపుల్లో కొన్ని కొనేవారు పట్టుబట్టబట్టి వచ్చినవే. కీబోర్డు మీద దావాలు వేస్తే పాత మీటలు తిరిగొచ్చాయి. పోర్టులు లేవని ఏళ్ల తరబడి మొరపెడితే హెచ్‌డీఎంఐ తిరిగొచ్చింది. ఇక మిగిలింది మరమ్మతు. ‘దీని స్టోరేజీ మార్చగలమా, బ్యాటరీ మా ఊళ్లో వేయించుకోగలమా’ అని ప్రతి తండ్రీ, ప్రతి విద్యార్థినీ కౌంటరు దగ్గర అడగడం మొదలుపెడితే ఆ మాట డీలరు నుంచి కంపెనీ దాకా వెళ్తుంది. సన్నటి ల్యాప్‌టాప్‌ను ఇష్టపడదాం, కొందాం. దాంతోపాటు విప్పి బాగుచేసుకునే హక్కును కూడా అదే లక్ష రూపాయల్లో అడుగుదాం. మరో నాలుగున్నర మిల్లీమీటర్లు, అరవై గ్రాములు మోయడానికి మన భుజాలకు అభ్యంతరం ఉండదు.